కట్టుచొక్కాలో సార్జెంటు

"పిచ్చివాడు పారిపోయాడు, కేసు అయిపోయింది. ఈ ముక్క వినడానికి ఇన్ని మెట్లెక్కి రావాలా టెన్‌బ్రూక్? కింద నుంచి ఓ కేక వేస్తే నేనే చెప్పేవాణ్ణిగా!"

ప్రైవేటు డిటెక్టివ్ హిరామ్ టెన్‌బ్రూక్‌కి జవాబు చెప్పడానికి ఊపిరి అందలేదు. భారీ మనిషి. గుమ్మం పట్టుకుని నిలబడి, టోపీ తీసి దాంతోనే విసురుకుంటూ, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్న సార్జెంట్ డెలహంటీ వైపు చూశాడు. ఆల్బనీ పోలీసుల్లో డెలహంటీ మీసమంత మీసం ఇంకొకటి లేదు. ఆ మీసానికి తగ్గ బుర్ర కూడా ఉంటే బాగుండేదని టెన్‌బ్రూక్ అభిప్రాయం. కిందటి శీతాకాలం బీరు పీపాల కేసులో సార్జెంటు పట్టుకొచ్చిన దొంగ అసలు దొంగ కాదని టెన్‌బ్రూక్ తేల్చినప్పటి నుంచీ ఇద్దరికీ పడదు.

"ముందు పారిపోయిందెవరో చెప్పండి," అన్నాడు ఊపిరి చిక్కాక. "పిచ్చివాడో కాదో తర్వాత చూద్దాం."

"ఏమోస్ క్వాకెన్‌బుష్. పియానోలకి శ్రుతి సరిచేసే మనిషి. పెళ్ళాం పోయాక మూగనోము పట్టాడని తమ్ముడు తీసుకెళ్ళి ఫెర్న్‌డేల్ పిచ్చాసుపత్రిలో పడేశాడు. నాలుగేళ్ళున్నాడు. కిందటి వేసవిలో, ఎలా ఉంటాడో చూద్దామని బయటికి వదిలారు. అంటే పూర్తిగా వదిలినట్టు కాదు. ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెనక్కి వెళ్ళాలి. అలాంటివాడు ఇవాళ మూడింటికి శాసనసభ కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెబుతాట్ట! రోగుల్ని తోలుపట్టీలతో కట్టేస్తున్నారనీ, పెట్టెల్లాంటి మంచాల్లో పడుకోబెట్టి పైన మూత వేస్తున్నారనీ. పొద్దున చూస్తే మనిషి లేడు. భయపడి ఉడాయించాడు. రైల్వే స్టేషన్లో పోలీసుల్ని పెడతాను, దొరికిపోతాడు. అంతే."

"అంతే అయితే మీరింకా ఇక్కడెందుకున్నారండీ?" అంది ఒక ఆడగొంతు.

మిస్ లవీనియా క్రౌస్ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, తలెత్తకుండా కవర్లకి తపాలా బిళ్ళలు అంటిస్తోంది. నలభై దాటిన మనిషి. జుట్టు ముడిలో మూడు పెన్సిళ్ళు. ఈ మానసిక స్వస్థత సంఘానికి ఆమె ఆఫీసు సూపరింటెండెంటు. పత్రికల్లో ఫొటోలు పడేది మాత్రం సంఘ స్థాపకుడు లూథర్ ఫ్రాదింగమ్ గారివి. ఆయన దేశమంతా తిరుగుతూ ఉపన్యాసాలిస్తాడు. ఆ ఉపన్యాసాలు రాసేదీ, రైలు టిక్కెట్లు కొనేదీ, ఏ ఊళ్ళో ఉన్నాడో ఆయనకి టెలిగ్రాం కొట్టి తెలియజేసేదీ ఈ ఆఫీసే. ఉపన్యాసంలో జనం నవ్వే చోట్లు టైపిస్టు థియొడోరా రాస్తుందని ఊళ్ళో వాడుక.

"మిమ్మల్ని పిలిచింది మేం కాదు," అంది మిస్ క్రౌస్ టెన్‌బ్రూక్‌తో. "సార్జెంటు గారు మా అధ్యక్షురాలు మిసెస్ వాన్‌వీకి ఫోన్ చేసి బెదరగొట్టారు. ఆవిడ కంగారుపడి మీకు చేశారు. మాకైతే మీ ఇద్దరిలో ఎవరూ అక్కర్లేదు. బోలెడు పనుంది."

టెన్‌బ్రూక్ కనుబొమలు కాస్త పైకి లేచాయి. మూడింటికి కమిటీ. ముఖ్యమైన సాక్షి మాయం. అయినా ఈవిడకి డిటెక్టివ్ అక్కర్లేదు.

"అసలు సాక్షి పోయిన సంగతి మీకెలా తెలిసింది?" అని సార్జెంటుని అడిగాడు.

"కింద బేకరీ ఆవిడ చూసింది. పొద్దున వెనక సందులో, చేతులు వెనక్కి కట్టే తెల్ల చొక్కా వేసుకున్న మనిషి చాకలి బండిలోకి దూరటం. నాతో చెప్పింది. పైకొస్తే వీళ్ళు అవునండీ, క్వాకెన్‌బుష్ కనబట్టం లేదన్నారు. ఇక్కడ గదినిండా అలాంటి చొక్కాలే. ఒకటి తొడుక్కుని, బండెక్కి పోయాడు."

"బండిలోకి ఎలా దూరాడట?"

"తలకాయ ముందు, కాళ్ళు తర్వాత."

"చేతులు కట్టేసుకున్నవాడు, ఎత్తుగా ఉన్న బండిలోకి, తనంతట తాను, తలకిందులుగా?"

"పిచ్చివాడయ్యా బాబూ! పిచ్చివాడు ఎలా ఎక్కితే ఏంటి?"

టైపు మిషను టకటక ఆగింది. థియొడోరా ప్రూయిన్ కుర్చీలో గిర్రున తిరిగింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. "సార్జెంటు గారూ, మా ఆఫీసులో ఆ మాట అనకూడదండీ. గోడ మీద బోర్డు కూడా పెట్టాం. మీ తల వెనకే ఉంది."

సార్జెంటు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఓడిపోయినట్టే.

టెన్‌బ్రూక్ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. "మిస్ క్రౌస్, క్వాకెన్‌బుష్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పొద్దున. చర్చికి వెళ్ళొస్తానన్నారు."

"ఇవాళ మంగళవారం."

"భక్తి ఎక్కువ."

"అమ్మాయ్, నువ్వెప్పుడు చూశావు?"

"నేనూ పొద్దున్నేనండీ. గడ్డం గీయించుకొస్తానన్నారు," అంది థియొడోరా, అదే సమయానికి మిస్ క్రౌస్ దగ్గడం మొదలుపెట్టింది. థియొడోరా ఆమె వైపోసారి చూసి, "చర్చిలో," అని కలిపింది.

"చర్చిలో గడ్డం గీస్తున్నారా ఇప్పుడు?"

"దారిలో మంగలి షాపుంది కదండీ."

టెన్‌బ్రూక్ తల పంకించి మూడో మనిషి వైపు తిరిగాడు. గది మూలన, ఫైళ్ళ బీరువాల మధ్య ఇరుక్కున్న బల్ల వెనక, సన్నగా, ఎముకల పోగులా ఒక మగమనిషి కూర్చున్నాడు. కోటు చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయాయి.

"ఈయన మా ఫైళ్ళ గుమాస్తా మిస్టర్ ఎజికియల్ వాడమ్స్," అంది మిస్ క్రౌస్, అడగకుండానే.

"అవునండీ. వాడమ్స్ గారు," అంది థియొడోరా. "మా వాడమ్స్ గారే."

"మీరేమైనా చూశారా వాడమ్స్ గారూ?"

"లేదండీ," అన్నాడాయన మెల్లగా, బల్లకేసి చూస్తూ.

"ఏమీ వినలేదా?"

"నేను... తింటున్నానండీ."

నిజమే. ఆయన ముందు ప్లేటులో సగం తిన్న 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె ఉంది. పక్కన ఫోర్కు ఉన్నా ముట్టుకోలేదు. ఒక చెంచాతో, ముక్క తర్వాత ముక్కగా, అంచుల దాకా శుభ్రంగా తింటున్నాడు. డిటెక్టివ్ చూపు ఆ చెంచా మీద ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

"క్వాకెన్‌బుష్ పడుకున్న గది చూపించండి."

ఆ గది ఆఫీసు వెనక ఉన్న సామాన్ల కొట్టు. ఆసుపత్రుల్లో రోగులకి ఏం చేస్తున్నారో జనానికి చూపించడానికి సంఘం ఊరూరా పెట్టే ప్రదర్శన సామాను అంతా అక్కడే ఉంది. గోడకి తోలుపట్టీలు, వేళ్ళు కదలనివ్వని మందపాటి తోలు చేతితొడుగులు. మూలన మూత మంచం. అంటే పసిపిల్లల ఉయ్యాల తొట్టెని పెద్దవాళ్ళకి సరిపోయేలా సాగదీసి, పైన కమ్మీల మూత బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. దాని ముందు అట్టముక్క మీద, ఎవరో ఆసుపత్రి డాక్టరు గారి మాటలే పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు: 'ఇందులో రోగికి ప్రశాంతమైన విశ్రాంతి లభిస్తుంది.' కొక్కేలకి రెండు కట్టుచొక్కాలు వేలాడుతున్నాయి. కిటికీ కింద క్వాకెన్‌బుష్ పడుకున్న మడతమంచం. దుప్పటి అంచులు ఆసుపత్రి మంచం మీదలాగా బిగించి మడిచి ఉన్నాయి. మంచం కింద ఒక జత బూట్లు.

టెన్‌బ్రూక్ వంగి, అతికష్టం మీద, ఒక బూటు బయటికి లాగాడు. "ఎవరివి?"

"వాడివే," అన్నాడు సార్జెంటు గుమ్మంలో నిలబడి. "పొద్దుట్నుంచీ ఈ గదికి నేనే కాపలా. ఈగని కూడా రానివ్వలేదు."

"మార్చి నెల. కింద సందంతా మంచు బురద. బూట్లు లేకుండా వెళ్ళాడంటారా?"

"పి..." సార్జెంటు గోడ మీది బోర్డు గుర్తొచ్చి ఆగాడు. "అలాంటివాళ్ళు బూట్లేసుకునే పారిపోవాలని రూలేం లేదు."

"కట్టుచొక్కాలు ఎన్నుండాలి మిస్ క్రౌస్?"

"రెండు."

"రెండూ ఇక్కడే ఉన్నాయి. అంటే సందులో కనిపించిన చొక్కా బయట నుంచి వచ్చింది. చాకలి బండి కూడా. ఎవరో వచ్చారు, మనిషికి చొక్కా తొడిగారు, బండిలోకి తోశారు. సార్జెంటు గారూ, మీ వాడు పారిపోలేదు. ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోవాల్సిన అవసరం ఎవరికుంది? సాక్ష్యం ఎవరి మీద చెప్పబోతున్నాడో వాళ్ళకి."

"ఆగాగు! మూడు చొక్కాలుండేవేమో. ఈవిడ లెక్క తప్పిందేమో."

"నా లెక్క తప్పదు," అంది మిస్ క్రౌస్.

"సరే, మూడే అనుకుందాం," అన్నాడు టెన్‌బ్రూక్. "దీని కట్లన్నీ వీపు వెనక. ఎవడికి వాడు ఎలా బిగించుకుంటాడు?"

సార్జెంటు మొహం ఎర్రబడింది. బీరు పీపాల కేసు మళ్ళీ కళ్ళ ముందు కదిలినట్టుంది. "నువ్వు చేతకాదన్న ప్రతిదీ లోకంలో జరగదనుకోకు టెన్‌బ్రూక్. ఇలా ఇవ్వండి ఆ చొక్కా!"

"సార్జెంటు గారూ, వద్దండీ," అంది మిస్ క్రౌస్, మొదటిసారి కాస్త మర్యాదగా.

"ఇవ్వండంటుంటే!"

ఆయనే కొక్కెం నుంచి లాక్కుని, టోపీ తీసి టెన్‌బ్రూక్ చేతిలో పెట్టి, రెండు చేతులూ ఆ పొడుగు సంచుల్లాంటి తొడుగుల్లోకి దూర్చాడు. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, వేలాడుతున్న పట్టీ కొసని పళ్ళతో పట్టుకుని వీపు మీదకి విసిరాడు. పడలేదు. మళ్ళీ విసిరాడు. ఈసారి మీసం పట్టీలో ఇరుక్కుంది. థియొడోరా గుమ్మంలోంచి తొంగిచూస్తూ రుమాలు నోట్లో కుక్కుకుంది. చివరికి వీపుని గోడ కొక్కేనికి ఆనించి, పట్టీని దానికి తగిలించి, ఒళ్ళంతా ముందుకి విసురుగా గుంజాడు. కట్టు టక్కున పడింది.

"చూశారా!" విజయగర్వంతో గది మధ్యలో నిలబడ్డాడు. "ఎవడికి వాడు బిగించుకోవచ్చు! ఇప్పుడేమంటావు?"

"ఒప్పుకున్నాను. ఇక విప్పుకోండి," అన్నాడు టెన్‌బ్రూక్.

సార్జెంటు భుజాలు ఎగరేశాడు. పక్కకి వంగాడు. కొక్కెం దగ్గరికి వెళ్ళి గుంజాడు, పట్టీ ఇంకాస్త బిగిసింది. మళ్ళీ గుంజేసరికి కొక్కెం ఊడొచ్చింది. ఆ ఊపుకి నాలుగడుగులు ముందుకి తూలి, బొంగరంలా తిరిగి, మూత మంచంలో వెల్లకిలా పడ్డాడు. పైకెత్తి ఉన్న మూత ధడాల్న దిగి, గడియ దానంతట అదే పడింది.



"తెరవండి!" అని లోపల్నుంచి గర్జన.

మిస్ క్రౌస్ గడియ పట్టుకుని లాగింది. రాలేదు. "ఇది కూడా బిగుసుకుపోయింది. సుత్తి తీసుకురా థియొడోరా."

"నేను బాగానే ఉన్నాను! నాకేమీ కాలేదు! ముందు బయటికి తియ్యండి!"

"అందరూ అలాగే అంటారండీ," అంది థియొడోరా సుత్తి కోసం వెళుతూ.

"నేను పోలీసు సార్జెంటుని!"

"అదీ అంటారు," అంది మిస్ క్రౌస్. "కిందటేడు ఒకాయన తను జడ్జినన్నాడు. ఎవరూ నమ్మలేదు. తీరా చూస్తే నిజంగానే జడ్జి."

టెన్‌బ్రూక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పట్టలేక గోడకానుకున్నాడు. సుత్తి వచ్చింది, గడియ ఊడింది, మూత లేచింది. అప్పుడు నవ్వు ఆగింది. సార్జెంటు బోర్లా తిరిగి, మోకాళ్ళ మీద లేవబోయి, లేవలేక మళ్ళీ పడ్డాడు. మొహం నీలంగా మారుతోంది. కేకలు పోయి, సన్నని గొంతేదో వస్తోంది.

"ఊపిరి... ఊపిరాడట్లేదు. అమ్మా... ఎవరైనా..."

టెన్‌బ్రూక్ వంగి వీపు మీది పట్టీ పట్టుకుని లాగాడు. అది వదులు కావడానికి బదులు ఇంకా లోపలికి దిగింది. సార్జెంటు కెవ్వుమన్నాడు. మిస్ క్రౌస్ కత్తెర తెచ్చింది. ఆ మందపాటి తోలు మీద కత్తెర ఆనవాలు కూడా పడలేదు.

"జరగండి."

మెల్లగా అన్నారెవరో. ఫైళ్ళ గుమాస్తా. పొద్దుటి నుంచీ కుర్చీలోంచి లేవని మనిషి వాళ్ళ మధ్యలోంచి వచ్చి మంచం పక్కన మోకరిల్లాడు. పాలిపోయిన మొహం. చేతులు మాత్రం తిన్నగా పట్టీ దగ్గరికి వెళ్ళాయి.

"ఆయన్నింక అలా ఉంచకండి," అన్నాడు. తర్వాత సార్జెంటు చెవి దగ్గరికి వంగి, పసివాడితో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. "కదలకండి. పెనుగులాడితే బిగుస్తుంది. ఉన్న ఊపిరంతా బయటికి వదిలెయ్యండి... ఇంకా... భయపడకండి, మళ్ళీ వస్తుంది ఊపిరి. ఎడం భుజం కిందికి వదిలెయ్యండి. ఆ. అంతే. నేనిక్కడే ఉన్నాను."

పట్టీని లాగలేదు. లోపలికి నెట్టాడు. కట్టులోని ఇనప ముల్లు దానంతట అదే పక్కకి ఒరిగింది. చొక్కా వదులైంది.

సార్జెంటు బోర్లా పడుకునే గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. మిస్ క్రౌస్ కళ్ళు మూసుకుంది. థియొడోరా చేతిలో సుత్తి అలాగే గాల్లో ఉండిపోయింది. టెన్‌బ్రూక్ వాళ్ళ మొహాలు చూశాడు. మోకరిల్లిన మనిషి వెనక్కి చాచిన పాదాలు చూశాడు.

బూట్లు లేవు. ఊదారంగు ఉన్ని మేజోళ్ళు. ఒకదానికి మడమ దగ్గర చిరుగు.

తన కోసం రైల్వే స్టేషన్లో పోలీసుల్ని పెడతానన్న మనిషిని ఆయన విడిపిస్తున్నాడు.

టెన్‌బ్రూక్ తన భారీ శరీరాన్ని రెండడుగులు పక్కకి జరిపి, ఆ పాదాలకీ సార్జెంటుకీ మధ్య నిలబడ్డాడు. అంత లావుగా పుట్టినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాడు. గుమాస్తా లేచి, ఆయన చాటునుంచే తన బల్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

సార్జెంటు చాలాసేపు మంచం అంచు మీద కూర్చున్నాడు. మిస్ క్రౌస్ ఇచ్చిన నీళ్ళు తాగాడు. మీసం ఒక పక్కకి వాలిపోయి ఉంది. లేచి ఆఫీసు గదిలోకొచ్చి, గుమాస్తా బల్ల ముందు ఆగాడు.

"నీ పేరేంటన్నావ్?"

"వాడమ్స్ అండీ."

"థాంక్స్ వాడమ్స్." టోపీ పెట్టుకున్నాడు. "వాళ్ళు రోజూ... ఎంతసేపు ఉంచుతారు అందులో?"

"ఒక్కోసారి రాత్రంతా," అన్నాడు గుమాస్తా. వెంటనే పెదవి కొరుక్కుని, "అని చెబుతారండీ. రోగులు," అని కలిపాడు.

సార్జెంటు ఆయన వైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "క్వాకెన్‌బుష్ దొరికితే ఫెర్న్‌డేల్‌కి అప్పగించాల్సిందే. చట్టం. నా మనుషులందర్నీ రైల్వే స్టేషన్లో పెడుతున్నాను. అందర్నీ. మూడింటికి కమిటీ హాలు దగ్గర ఒక్కడు కూడా ఉండడు."

మెట్ల మీద బూట్ల చప్పుడు దిగిపోయింది. ఆ మీసం వెనక బుర్ర ఉందేమోనని టెన్‌బ్రూక్‌కి మొదటిసారి అనుమానం వచ్చింది.

తలుపు గడియ వేసి వచ్చాడు. "క్వాకెన్‌బుష్ గారూ, మీ బూట్లు మంచం కింద ఉన్నాయి. వెళ్ళి వేసుకోండి. నేల చల్లగా ఉంది."

 థియొడోరా కుర్చీలో కూలబడి, నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది.

"ఎలా పట్టారు?" అంది మిస్ క్రౌస్.

"మీ గుమాస్తా పొద్దుట్నుంచీ కుర్చీ దిగలేదు. కోటు వేరేవాళ్ళది. ఫోర్కు పక్కనే ఉన్నా ఆపిల్ పైని చెంచాతో తిన్నారు. ఫోర్కూ కత్తీ ఇవ్వని చోట కొన్నేళ్ళు తిన్న మనిషి అలా తింటాడు. అప్పటికీ అనుమానమే. ఆ పట్టీ విప్పాక అనుమానం పోయింది. ఇక చెప్పండి, అసలు వాడమ్స్ ఏడి?"

మిస్ క్రౌస్ జుట్టులోంచి ఒక పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకుంది. "చాకలి బట్టల కోసమని ఇద్దరొచ్చారు. ఫెర్న్‌డేల్ మనుషులు. కొత్తవాళ్ళు. అక్కడ ఎవరూ నెలకి మించి పనిచెయ్యరు. వెనక మెట్లకి అడ్డంగా నిలబడి, మీలో క్వాకెన్‌బుష్ ఎవడ్రా అన్నారు. మేం ఊపిరి బిగబట్టాం. వాడమ్స్ లేచి నేనే అన్నాడు."

"తలుపు తగిలితే తలుపుకి సారీ చెప్పే మనిషండీ ఆయన!" అంది థియొడోరా కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళు చొక్కా తొడుగుతుంటే, మీ బూట్ల బురద తివాచీకి అంటుతోంది, తుడుచుకోండి అన్నారాయన. పాపం వాళ్ళు తుడుచుకున్నారు కూడా!"

"కాదు, నేనే క్వాకెన్‌బుష్‌ని అని లేవబోయాను," అన్నాడు క్వాకెన్‌బుష్. బూట్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మిస్ క్రౌస్ నా భుజం పట్టి కూర్చోబెట్టేశారు. ఆయన నా వైపు చూసి కళ్ళతోనే వద్దన్నారు. నేను కూర్చుండిపోయాను. ఒక మనిషి నాకోసం అందులోకి వెళ్తుంటే, నేను ఆపిల్ పై తింటూ కూర్చున్నాను."

"మీరు కమిటీ ముందు నోరు విప్పేదాకా ఎవరూ ఏమీ అనకూడదని వాడమ్స్ కోరిక," అంది మిస్ క్రౌస్. "విప్పాక వాళ్ళు మిమ్మల్ని ముట్టుకోలేరు. సాక్షికి కమిటీ రక్షణ ఉంటుంది. మూడేళ్ళుగా రోగుల ఉత్తరాలు సర్దిపెట్టడమే తప్ప నేను చేసిందేమీ లేదు అనేవాడెప్పుడూ." ఆమె కవర్ల కట్ట పక్కకి జరిపింది.  "పోలీసుకి చెబితే మిమ్మల్ని అప్పగిస్తారు. డిటెక్టివ్‌కి చెబితే పోలీసుకి తెలుస్తుంది. అందుకే అబద్ధాలు."

"మీ అబద్ధాల్లో ఒకటి చర్చికీ, ఇంకోటి మంగలి షాపుకీ వెళ్ళాయి. ఇంకోసారి ముందుగా మాట్లాడుకోండి."

అప్పుడే టెలిఫోను మోగింది. మిస్ క్రౌస్ తీసి, అవతలి గొంతు వినగానే చేత్తో సైగ చేసింది. వినే గొట్టాన్ని చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. అంత దూరంలో ఉన్నా గొంతు గదంతా వినిపించింది. ఫెర్న్‌డేల్ పెద్ద డాక్టరు లెమ్యూయెల్ ఓస్‌ట్రాండర్.

"మిస్ క్రౌస్! మీ సాక్షి గురించి బెంగపెట్టుకోకండి. పొద్దున్నే మా దగ్గరికి చేరాడు. నా ఎదురుగానే కూర్చున్నాడు. పాపం, పరిస్థితి బాగాలేదు."

"ఏమంటున్నారాయన?" అంది మిస్ క్రౌస్.

"పేరడిగాను. అబద్ధం చెప్పలేను డాక్టరు గారూ, నేను క్వాకెన్‌బుష్‌ని కాదు, వాడమ్స్ అనే గుమాస్తాని అన్నాడు."

మిస్ క్రౌస్ బల్ల అంచు పట్టుకుంది. థియొడోరా తల కొట్టుకుని, "రోజుకి ఒక్క అబద్ధమేనండీ ఆయనకి చేతనయ్యేది!" అని గుసగుసలాడింది. క్వాకెన్‌బుష్ తలుపు వైపు చూశాడు. బండి ఇప్పుడే వెనక్కి బయల్దేరితే మూడింటిలోపు ఇక్కడికి వచ్చేస్తుంది. టెన్‌బ్రూక్ అప్పటికే టోపీ అందుకున్నాడు.

"పూర్తి భ్రమ!" అంది టెలిఫోను.

అందరూ ఆగిపోయారు.

"తను ఇంకో మనిషినని నమ్ముతున్నాడు. ఎంత వివరంగా చెబుతున్నాడనుకున్నారు! మీ ఆఫీసు, బీరువాలు, మీ జుట్టులో పెన్సిళ్ళు! ఇంత వివరమైన భ్రమ నా అనుభవంలో చూళ్ళేదు. నాలుగేళ్ళు నేను స్వయంగా వైద్యం చేసిన మనిషి మిస్ క్రౌస్. ఆ మొహం నాకు తెలీదా? ఇలాంటివాణ్ణి సాక్ష్యం చెప్పమంటారా? అందుకే నేనే స్వయంగా మూడింటికి కమిటీ ముందుకి తీసుకొస్తున్నాను. ప్రమాణం చేసి చెబుతాను, ఇతనే క్వాకెన్‌బుష్, ఇదీ ఇతని స్థితి అని. సభ్యులే కళ్ళారా చూస్తారు."

 మిస్ క్రౌస్ మాట్లాడే గొట్టాన్ని అరచేత్తో మూసి క్వాకెన్‌బుష్ వైపు చూసింది. ఆయన బూట్లు కింద పెట్టాడు.

"ఈ డాక్టరు ప్రతి ఆదివారం వచ్చేవాడు," అన్నాడు ఎవరితోనూ కాదన్నట్టు. "నా మంచం ముందు నిలబడి, గడియారం చూసుకుని, ఎలా ఉన్నావోయ్ క్వాకెన్‌బుష్ అనేవాడు. నేను చెప్పేలోపు పక్క మంచం దగ్గరుండేవాడు. నాలుగేళ్ళు." ఆయన గొంతులోంచి దగ్గులాంటిదేదో వచ్చింది. ఇంకోటి వచ్చింది. అప్పుడు తెలిసింది వాళ్ళకి, ఆయన నవ్వుతున్నాడని. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "వీధిలో ఎదురైతే నన్ను గుర్తుపట్టేస్తాడని, కిందటి వేసవి నుంచీ గోడల పక్కనే నడుస్తున్నానండీ నేను."

"మొదటి వరసలో కూర్చోగలరా?" అన్నాడు టెన్‌బ్రూక్ మెల్లగా. "ఆయనకి సరిగ్గా ఎదురుగా. ఆయన ప్రమాణం చేసి, వేలు పెట్టి వాడమ్స్‌ని చూపించేదాకా, ఏమీ మాట్లాడకుండా?"

"రెండు నెలలు మాట్లాడకుండా ఉన్నందుకే కదండీ నన్ను అక్కడ పడేసింది," అన్నాడు క్వాకెన్‌బుష్, వంగి బూటు తొడిగి లేసు కట్టుకుంటూ. "ఒక్క గంట ఉండలేనా?"

మిస్ క్రౌస్ చెయ్యి తీసి, ఆ గొట్టాన్ని నోటికి దగ్గరగా తెచ్చుకుంది. ఆమె గొంతు తేనెలా ఉంది.

"తప్పకుండా తీసుకురండి డాక్టరు గారూ. ఆయన్ని మీరే గుర్తుపట్టి కమిటీకి చెబితే, మాకు ఇంకేం కావాలండీ?"